అనుకోకుండా కుదిరిన శని, ఆదివారాలు: రెండు రోజుల్లో అరకు చూసి రాగలమా?

అడిగినవారు (హైదరాబాద్), బుధవారం రాత్రి

అందరికీ నమస్కారం. మా పెళ్లయి పధ్నాలుగు నెలలైంది. నాకు ఆసుపత్రిలో షిఫ్టులు, మా వారికి ఎప్పుడూ తెమలని లెక్కల పని. ఇద్దరికీ ఒకే వారం శని, ఆదివారాలు సెలవు దొరకడం ఇదే మొదటిసారి. ఆ సంగతి కూడా ఈ సాయంత్రమే తెలిసింది. కొండలు చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

శుక్రవారం సాయంత్రం బయలుదేరి సోమవారం పొద్దున్నే ఇల్లు చేరాలి. అరకు, బొర్రా గుహలు, వంజంగి, లంబసింగి అంటూ మా వారు నాలుగు పేర్లు కాగితం మీద రాసి పెట్టారు. చేతిలో రైలు టిక్కెట్టు లేదు, గది లేదు. అసలే నవంబరు రెండో వారం, రద్దీగా ఉంటుందంటున్నారు. ఘాట్ రోడ్డు ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఖర్చు 15,000 దాటకూడదు. ఇది జరిగే పనేనా? తెలిసినవారు చెప్పగలరు.

విశాఖ వాసి, రైల్వేలో పదవీ విరమణ చేసినవారు

జరిగే పనేనమ్మా. కాకపోతే ఆ కాగితం మీద రెండు పేర్లు కొట్టేయాలి. లంబసింగి చింతపల్లి వైపు, నర్సీపట్నం మీదుగా వెళ్లే దారి. అరకు ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా వెళ్లే దారి. వంజంగి పాడేరు పక్కన. మ్యాపులో దగ్గరగానే కనిపిస్తాయి కానీ మధ్యలో ఉన్నదంతా మలుపుల రోడ్డే. మా పెద్దబ్బాయి పెళ్లైన కొత్తలో భార్యాభర్తలిద్దరూ ఇలాగే నాలుగూ చుట్టి రావాలని బయలుదేరారు. రెండో రోజు చీకటి పడ్డాక ఘాట్‌లో మంచు కమ్మేసి, ముందు బండి వెనక దీపం తప్ప ఏమీ కనపడక, గంటన్నర పాటు నడక వేగంతో దిగారట. ఆ ప్రయాణం గురించి అడిగితే మా కోడలు ఇప్పటికీ ఆ ఒక్క గంటన్నరే చెబుతుంది. కొండల పేరు ఎత్తదు.

కాబట్టి బొర్రా, అరకు. ఈ రెండే పెట్టుకోండి. రాత్రి పడక మాత్రం కొండ మీదే ఉండాలి. విశాఖలో గది తీసుకుని పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. అరకు విశాఖకు దాదాపు 115 కిలోమీటర్లు. పోనూ రానూ కలిపి ఏడెనిమిది గంటలు బండిలోనే గడిచిపోతాయి. మీకు ఘాట్ పడదంటున్నారు, ఒకే రోజు రెండుసార్లు ఆ మలుపులు తిరగడం ఎందుకు?

వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లండి. కిరండూల్ ప్యాసింజరు విశాఖలో ఉదయం ఏడు లోపే కదులుతుంది. అరకుకి నాలుగు గంటల ప్రయాణం. రైలు మలుపు రోడ్డు మలుపులా ఉండదు, కడుపులో తిప్పదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలున్నాయి. బొడ్డవర దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ అని ఒక్కో స్టేషనూ ఒక్కో మెట్టులా పైకి తీసుకుపోతుంది. శిమిలిగూడ దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గంలో అన్నిటికంటే ఎత్తైన స్టేషనని చాలాకాలం దానికి పేరు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ లైను మీదే గడిచింది. సొరంగంలోంచి బయటపడగానే కింద లోయ ఒక్కసారిగా తెరుచుకునే క్షణం నాకు ఏనాడూ పాతబడలేదు.

అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెలో సీటు ఈ పాటికి అయిపోయి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. జనరల్ టిక్కెట్టుతో ఎక్కవచ్చు. అయితే శనివారం రద్దీ ఎక్కువ, బండి కదలడానికి అరగంట ముందే పెట్టెలో ఉండాలి.

హైదరాబాద్ నుంచి ఒకరు

టిక్కెట్ల సంగతి నేను చెబుతాను. శుక్రవారం బండికి తత్కాల్ గురువారం, అంటే రేపే తెరుస్తారు. ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కు 11. మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ అయిందో లేదో ఈ రాత్రే చూసుకోండి. 2025 జూలై నుంచి అది లేకపోతే ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయలేరు. బెర్తు ఖరారైన తత్కాల్ టిక్కెట్టు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. సెలవు ఖాయమనుకున్నాకే తీయండి.

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖలో దిగేసరికి ఉదయం ఆరు అవుతుంది. ప్యాసింజరుకు మిగిలే సమయం చాలా తక్కువ. గోదావరి గంట ఆలస్యమైతే అవతలి బండి వెళ్లిపోయినట్టే. వీలైతే శుక్రవారం ఒక పూట ముందు సెలవు పెట్టి సికింద్రాబాదులో మధ్యాహ్నం వందేభారత్ ఎక్కండి. రాత్రి పదకొండు దాటాక విశాఖ చేరుతుంది. స్టేషన్ దగ్గరే ఏదైనా చిన్న గదిలో పడుకుని తెల్లవారి హాయిగా ప్యాసింజరు అందుకోవచ్చు.

ఇంకో చిక్కు. తిరుగు ప్రయాణం ఆదివారం కాబట్టి దాని తత్కాల్ శనివారం 10 గంటలకు తెరుస్తారు. సరిగ్గా ఆ సమయానికి మీరు సొరంగాల్లో ఉంటారు, ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఇంట్లో ఉన్న తమ్ముడికో చెల్లెలికో ఆ పని అప్పజెప్పండి. లేదంటే ఆదివారం రాత్రి విశాఖ నుంచి హైదరాబాదుకు బస్సు సీట్లు ఇప్పుడే తీసేసుకోండి. నేనైతే బస్సుకే ఓటు వేస్తాను. పన్నెండు గంటల ప్రయాణమే కానీ సీటు ఉందన్న నిశ్చింత ఉంటుంది.

అడిగినవారు

బాబాయిగారూ, మీరు చెప్పింది చదివి మా వారు లంబసింగి, వంజంగి కొట్టేశారు. వంజంగి మీద మాత్రం పెద్దగా నిట్టూర్చారు. మబ్బుల సముద్రం చూడాలని ఆయన కోరిక. ఇంకో మాట, అనంతగిరిలో తక్కువ ధరకు గది కనిపించింది, డబ్బు కట్టేయమంటారా?

పాడేరులో పనిచేసే ఉపాధ్యాయురాలు

ఆగండి! ముందు ఆ గది ఏ అనంతగిరిలో ఉందో చూసుకోండి. మన రాష్ట్రాల్లో ఈ పేరుతో రెండు కొండలున్నాయి. మూసీ నది పుట్టే అనంతగిరి వికారాబాద్ పక్కన ఉంది. అరకు దారిలోని అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోది. పేరు కొట్టగానే వెబ్‌సైట్లు రెండింటినీ కలిపి చూపిస్తాయి. మా బంధువులు ఒకసారి ఇలాగే డబ్బు కట్టి, విశాఖలో దిగాక తెలుసుకున్నారు.

అరకు వైపుదే అయితే మంచి ఎంపిక. అరకు ఊళ్లో గదులు నిండిపోయినప్పుడు అనంతగిరిలో, త్యాడలో దొరుకుతుంటాయి. పర్యాటక శాఖ హరిత హోటళ్లకు కూడా ఫోను చేసి చూడండి. ఆన్‌లైన్‌లో ఖాళీ లేదని చూపించినా, రద్దయిన గది ఒక్కోసారి ఫోనులో దొరుకుతుంది. ఎక్కడైనా సరే, వేడినీళ్లు ఏ వేళల్లో ఇస్తారో, దుప్పట్లు ఎన్ని ఇస్తారో అడగండి. ఈ నెలలో రాత్రి చలి పది డిగ్రీల దరిదాపుకు దిగుతుంది. హైదరాబాదు స్వెట్టరు ఒక్కటే చాలదు.

ఇక వంజంగి. దానికి ముందురోజు రాత్రి పాడేరులో ఉండాలి, నాలుగు గంటలకల్లా కదలాలి, బండి ఆగిన చోటి నుంచి చీకట్లో కొండ ఎక్కాలి. శని, ఆదివారాల్లో కింద బండ్ల వరుస చూస్తే మాకే భయమేస్తుంది. మీ వారికి బెంగ వద్దని చెప్పండి. అరకు దగ్గరే మాడగడ అనే ఊరుంది. దాని వ్యూ పాయింట్ నుంచి కూడా తెల్లవారుజామున మబ్బులు కింద పరుచుకుని కనిపిస్తాయి. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే మంచి అవకాశం. రాత్రి చలికి బరువెక్కిన గాలి లోయ అడుగుకు దిగి, అక్కడి తేమ మబ్బుగా పేరుకుంటుంది. ఎండ కాస్త ముదిరితే కరిగిపోతుంది. అందుకే ఆరున్నరకు ముందే అక్కడ ఉండాలి. ఆటో అతనితో శనివారం సాయంత్రమే మాట్లాడుకుని, రానుపోను ధర ఖాయం చేసుకోండి. దీని కోసమైనా గది అరకు ఊళ్లోనే దొరికితే మేలు.

ఒక విన్నపం. ఇప్పుడు వలిసె పూలు విరగబూసి ఉంటాయి, లోయంతా పసుపు పచ్చగా కనిపిస్తుంది. అవి అలంకారానికి పెంచిన పూలతోటలు కావు. గింజల నుంచి నూనె తీసే పంట. ఫోటో కోసం చేను మధ్యకు నడిస్తే మొక్కలు విరుగుతాయి. గట్టు మీద నిలబడండి. రైతు ఇరవై, ముప్పై రూపాయలు అడిగితే ఇవ్వండి. ఏడాదికి ఒక్క పంట మీద బతికే కుటుంబాలు, మా బడి పిల్లల ఇళ్లు అవి.

విశాఖ వాసి

టీచరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను మరచిపోయినవి కలుపుతున్నాను.

శనివారం బొర్రాలో దిగేయాలా, అరకు దాకా పోవాలా అని అందరూ తికమక పడతారు. సామాను తక్కువైతే బొర్రా గుహలు స్టేషనులోనే దిగండి. గుహలు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటాయి, బండి దిగేసరికి తెరిచే వేళ అవుతుంది. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లుగా కరిగించి చేసిన గుహలవి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, నేల తడిగా ఉంటుంది, గట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. రెండు గంటలు చాలు. జీపులవాళ్లు కటికి జలపాతానికి రమ్మంటారు. జలపాతం బాగుంటుంది కానీ దారి గతుకులమయం, మీకు వద్దు.

అక్కడి నుంచి అరకుకు రోడ్డు దారే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది ఈ భాగమే. ముందు సీటులో కూర్చోండి, ఫోను చూడకండి, దూరంగా ఉన్న కొండ మీద చూపు నిలపండి. వాంతులు ఆగే మాత్ర వేసుకోవాలనుకుంటే బండి ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక అంతగా పనిచేయదు. ఆసుపత్రిలో పనిచేసే మీకు నేను చెప్పాలా! దారిలో గాలికొండ దగ్గర ఆగండి. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలో చెక్క వంతెన మీద నడిపిస్తారు. పైన నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఈ నెలలో కాయలు ఎర్రబడతాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు చికోరీ కలపని పొడి కావాలని అడిగి తీసుకోండి.

బొంగులో చికెన్ మీ కళ్ల ముందే కాల్చినదైతేనే తినండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె పడదు. అరగంటకు పైగా పడుతుంది. అయిదు నిమిషాల్లో చేతిలో పెట్టారంటే అది మళ్లీ వేడి చేసినదే.

చాపరాయి దగ్గర బండల మీద నీళ్లు పల్చగా పారుతుంటాయి. చూడటానికి ఆటలా ఉంటుంది, కానీ పాచి పట్టిన చోట కాలు నిలవదు, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఒడ్డున కూర్చుని పాదాలు తడుపుకుంటే చాలు. చేతిలో నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోనుతో చెల్లింపులు ఆగిపోతాయి.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అరకు వదలండి. తిరుగు ప్యాసింజరును నమ్ముకోవద్దు, అది విశాఖ చేరేసరికి రాత్రి అవుతుంది, ఆలస్యమైతే మీ హైదరాబాదు బస్సు పోతుంది. అరకు నుంచి ఆర్టీసీ బస్సులు నేరుగా విశాఖ కాంప్లెక్సు బస్టాండుకు వస్తాయి. నవంబరులో అయిదున్నరకే పొద్దు కుంకుతుంది, వెలుతురుండగానే ఘాట్ దిగిపోవాలి.

మరొకరు (విజయవాడ)

తత్కాల్ దొరకకపోతే?

హైదరాబాద్ నుంచి ఒకరు

దొరకకపోతే పట్టుబట్టి కారులో 600 కిలోమీటర్లు నడపవద్దు. రాత్రంతా నిద్రలేకుండా నడిపి, ఆ కళ్లతోనే ఘాట్ ఎక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇందాకటి మొదటి అనంతగిరి, వికారాబాద్ దగ్గరిది ఉందిగా, నగరానికి రెండు గంటలు. అడవిలో అనంతపద్మనాభస్వామి గుడి, కాస్త దూరంలో కోటిపల్లి చెరువు చూసి రావచ్చు. అరకుతో పోల్చకూడదు కానీ, ఇద్దరూ కలిసి చెట్ల కింద నడవాలనే కోరికైతే తీరుతుంది.

అడిగినవారు, సోమవారం మధ్యాహ్నం

వెళ్లి వచ్చాం! పొద్దున్నే చేరాం, డ్యూటీకి వెళ్లేముందు రాస్తున్నాను.

వందేభారత్‌లో రెండు సీట్లు దొరికాయి, మా వారు శుక్రవారం సగం పూట సెలవు పెట్టారు. ప్యాసింజరులో చిమిడిపల్లి దాకా ఒకే సీటులో సర్దుకున్నాం, తర్వాత తలుపు దగ్గర నిలబడిపోయాం. బాబాయిగారూ, సొరంగం దాటగానే లోయ తెరుచుకోవడం అన్నారే, మొదటిసారి చూడగానే నేను మా వారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

గది అరకులోనే దొరికింది. ఆన్‌లైన్‌లో లేదన్న చోటే, మూడోసారి ఫోను చేసినప్పుడు. బొర్రా నుంచి వచ్చే దారిలో ఒక్కసారి ఇబ్బంది పడ్డాను, గాలికొండ దగ్గర పది నిమిషాలు ఆగితే సర్దుకుంది. చాపరాయి మానేశాం. ఆ సమయంలో సుంకరమెట్ట తోటలో రెండోసారి తిరిగాం.

మాడగడకు ఆదివారం ఆరుంబావుకు చేరాం. మొదట అంతా తెల్లటి పొగే, పక్క మనిషి కూడా సరిగా కనపడలేదు. మా వారి ముఖం చిన్నబోయింది. ఏడు కావస్తుండగా పొగ మెల్లగా కిందికి కుంగి, కొండ కొసలు ఒక్కొక్కటీ పైకి తేలాయి. పావుగంటసేపు ఉందేమో. టీచరుగారూ, వంజంగి పేరు ఇక ఎత్తనని ఆయన మీతో చెప్పమన్నారు. వలిసె చేను గట్టు మీదే నిలబడ్డాం. చేను గల పెద్దావిడ డబ్బు తీసుకుని, నా జడలో తనే ఒక పువ్వు పెట్టింది.

మొత్తం 13,900 అయింది, కాఫీ పొడి రెండు ప్యాకెట్లతో కలిపి. తిరుగు బస్సు సీట్లు గురువారమే తీసుకోవడం ఎంత మంచిదయిందో చెప్పలేను, శనివారం 10 గంటలకు మా ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు.

విశాఖ వాసి

సంతోషం తల్లీ. ఆ పొడిని గాలి చొరని డబ్బాలో పోయండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, తేమ పట్టి వాసన పోతుంది.