నీళ్ల సమస్య: ముందు పంచాయతీకా, నేరుగా ప్రజావాణికా?

మునుగోడు రైతు:
మా వాడకు మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు ఎక్కడం లేదు. పంచాయతీ కార్యదర్శికి ఎన్నిసార్లు చెప్పినా ‘చూద్దాం’ అంటున్నారు. బోరులో ఫ్లోరైడ్. మా పెద్దల నడుములు వంగిపోయింది ఆ నీళ్లతోనే, పిల్లలకు మళ్లీ అవే తాగించలేను. సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి వెళ్దామని నేను, ముందు మండలంలోనే అడుగుదామని మావాళ్లు. ఏది మంచిది?

దేవరకొండ టీచర్:
మీవాళ్లదే సరైన మాట. ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తు తిరిగి సంబంధిత శాఖ అధికారి దగ్గరికే వస్తుంది. ‘నన్ను అడగకుండానే కలెక్టర్‌కు చెప్పారు’ అని ఆయన నొచ్చుకుంటే పని ఇంకా ఆలస్యం. కార్యదర్శికి రాసివ్వండి, ఎంపీడీఓకు, గ్రామీణ నీటి సరఫరా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి నకళ్లు ఇవ్వండి. మీ దగ్గరుండే నకలు మీద తేదీ, సంతకం, ముద్ర పడేదాకా కదలకండి.

పాలమూరు కూలీ బిడ్డ:
నేను ఒప్పుకోను సార్. ఇన్ని ఆఫీసులు తిరిగితే కూలి పోయేది ఎవరికి? ప్రజావాణిలో దరఖాస్తు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, దానికో నంబరు వస్తుంది. అధికారి నొచ్చుకుంటారని దాహంతో ఉన్నవాళ్లు ఎందుకు ఆగాలి?

దేవరకొండ టీచర్:
ఆగమని కాదు తమ్ముడూ. దరఖాస్తులు రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఒకే కాగితంలో పింఛను, పాస్‌బుక్కు, మురుగు కాలువ, నీళ్లు అన్నీ రాయమంటారు. అది ఏ శాఖకు పోవాలి? ‘మా ఊరికి నీళ్లు లేవు’ అని రాసినా లాభం లేదు. ‘బొడ్రాయి నుంచి బడికి పోయే దారిలో, కల్వర్టు పక్కన పైపు పగిలింది. ఫలానా తేదీ నుంచి కింది వాడకు నీళ్లు రావడం లేదు. పైపు మార్చండి, అంతవరకు ట్యాంకరు పంపండి’ అని రాస్తే ఏఈకి చేయాల్సిన పని కళ్లకు కడుతుంది. ఆ కాగితం ప్రజావాణిలోనూ పనికొస్తుంది.

నకిరేకల్ అక్క:
నీళ్లు మోసేది ఆడవాళ్లు, దరఖాస్తు మీద సంతకాలు మగవాళ్లవి! ముందు ఆ పద్ధతి మార్చండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. అందరూ వెళ్లి ఈ సమస్యను తీర్మానాల పుస్తకంలో రాయించండి. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయిలో రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మా దరఖాస్తు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు?’ అని అడగండి చాలు.

మునుగోడు రైతు:
అసలు కాగితమే తీసుకోకపోతే?

పాలమూరు కూలీ బిడ్డ:
స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకో అన్నా. సోమవారం మాత్రం ఆ రసీదుతో కలెక్టరేట్‌కు వెళ్లు, ఇంకో వారం ఆగకు.