హావ్‌లాక్ దగ్గర పసుపు తోక క్లౌన్ ఫిష్: క్లార్కీయా, సెబేయా?

నీలికెరటం: ఫొటో స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్) దగ్గర తీసినది, లోతు పది మీటర్లు. నల్లటి ఒళ్ళు, తెల్లపట్టీలు, పసుపు తోక. అది ఉంటున్న ఎనిమోనీ (పువ్వులా కనిపించే సముద్రజీవి, క్లౌన్ ఫిష్‌కి ఇల్లు) ఇసుకలో ఉంది. క్లార్కీ జాతి అని రాసుకోవచ్చా, లేక సెబే జాతా?

పగడపుదిబ్బ: అప్పుడే వద్దండి. ఒంటి రంగు పక్కన పెట్టి పట్టీలు చూడండి. క్లార్కీకి మామూలుగా మూడు: తల వెనక, నడుం మీద, తోక మొదట్లో. సెబేకి రెండే. దాని నడుంపట్టీ పైకి పోయేకొద్దీ వెనక్కి వాలి వీపు రెక్క వెనక భాగంలోకి ఎక్కుతుంది. తోక తెల్లగా ఉన్న క్లార్కీలో మూడో పట్టీ తోకలో కలిసిపోయి రెండే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ఉప్పుగాలి: నలుపును అసలు నమ్మకండి. మెర్టెన్సీ అనే రకం ఎనిమోనీలో ఉండే క్లార్కీలు తరచు మూతి, పట్టీలు, తోక తప్ప ఒళ్ళంతా నల్లబడతాయి. పైగా ఆ లోతులో ఎరుపు, నారింజ రంగులు నీళ్ళలోనే పోతాయి. అరమీటరు లోపల నుంచి టార్చి వేసి తీస్తేనే పొట్ట అసలు రంగు తెలుస్తుంది.

పగడపుదిబ్బ: ఎనిమోనీ సంగతి ముఖ్యం. సెబే ఉండేది ఇసుకలో పాతుకునే హడోనీ అనే రకం ఎనిమోనీలోనే: పొట్టి టెంటకిల్స్ (వేళ్ళలాంటి మెత్తటి కొసలు) దట్టంగా, తివాచీలా మడతలు పడి ఉంటుంది, కదిలిస్తే ఇసుకలోకి ముడుచుకుపోతుంది. పొడవాటి టెంటకిల్స్ ఉన్నదానిలో కనిపిస్తే సెబే కాదనుకోవచ్చు. హడోనీలో ఉన్నంత మాత్రాన మాత్రం సెబే అని తేల్చలేం. ఎనిమోనీల్లో క్లౌన్ ఫిష్‌కి ఇల్లయ్యేవి పది జాతులైతే, క్లార్కీ ఆ పదింటిలోనూ ఉంటుంది.

అక్వేరియంప్రియ: అక్వేరియం షాపుల్లో 'సెబే ఎనిమోనీ' అని అమ్మేది సాధారణంగా హెటెరాక్టిస్ క్రిస్పా అనే వేరే రకం ఎనిమోనీ. సెబేకి అది ఇల్లు కాదు. ఆ పేరు చూసి జాతి రాసుకోకండి.

నీలికెరటం: పెద్దది చేసి చూశాను. పట్టీలు రెండే, రెండోది వీపు రెక్కలోకి వాలింది. తోక మొదట్లో తెలుపు లేదు, నలుపు నుంచి నేరుగా పసుపు. టెంటకిల్స్ పొట్టివి.

పగడపుదిబ్బ: అయితే సెబేనే. చేప పక్కనుంచి, వీపు రెక్క విప్పి ఉన్నప్పటి ఫొటో ఒకటి, ఎనిమోనీ మొత్తం, చుట్టూ ఇసుక కనిపించేది ఒకటి జతచేయండి.

ఉప్పుగాలి: పక్కన చిన్న చేపపిల్లలుంటే వాటిని బట్టి పేరు పెట్టకండి. క్లౌన్ ఫిష్ పిల్లలకు పెద్దయ్యాక లేని పట్టీలు ఉండొచ్చు. అండమాన్‌లోనూ ఉండే ఎఫిప్పియం అనే క్లౌన్ ఫిష్‌కి చిన్నప్పుడు తెల్లపట్టీ ఉంటుంది, పెరిగాక అది పోయి పక్కన నల్లమచ్చ మిగులుతుంది. గుంపులో అన్నిటికన్నా పెద్దదైన ఆడచేపనే చూడండి.