స్క్రాబుల్ ఆట మధ్యలో ఫోనులో పదాలు వెతకడం మోసమా?

మలక్‌పేట వాసి:
మా అపార్టుమెంటులో నాలుగు కుటుంబాల వాళ్ళం ఆదివారం సాయంత్రాలు స్క్రాబుల్, అంటే ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలను బోర్డు మీద మాటలుగా పేర్చి పాయింట్లు కొట్టే ఆట, ఆడుతుంటాం. పోయిన వారం ఇంటర్ చదివే ఎదురింటి అమ్మాయి చేతిలో క్యూ బిళ్ళ ఉండిపోయింది, యూ మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి ఫోను తీసి, తన ఏడు అక్షరాలనూ పదాలు వెతికిపెట్టే ఒక సైటులో కొట్టింది. క్షణంలో క్యూ, ఐ అనే రెండక్షరాల మాట దొరికింది. క్యూను అక్షరం విలువ మూడు రెట్లయ్యే గడిలో పెట్టి, అడ్డంగానూ నిలువుగానూ అదే మాట వచ్చేలా కూర్చింది. ఒక్కో వైపు 31 చొప్పున 62 పాయింట్లు. అర్థమేమిటమ్మా అని అడిగితే, "తెలియదు అంకుల్, కానీ చెల్లుతుంది" అంది. ప్రాణశక్తి అనే అర్థంలో చైనావాళ్ళు వాడే మాట అని తర్వాత నేనే చూసుకున్నాను. ఇది మోసమని సగం మంది, కాదని సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

నల్లకుంట మేష్టారు:
మోసమే. ఇందులో చర్చకు ఏముందో నాకు బోధపడటం లేదు. నిఘంటువు తెరవవలసింది బోర్డు మీద పెట్టిన మాటను ఎవరైనా ఛాలెంజ్ చేసినప్పుడే గాని, ఏ మాట పెట్టాలో తెలుసుకోవడానికి కాదు. వందా బిళ్ళల్లో క్యూ ఒక్కటే ఉండటం, దానికి 10 పాయింట్లు పెట్టడం ఊరికే జరగలేదు. ఈ ఆటను రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో వార్తాపత్రిక పుటల్లో కూర్చుని లెక్కపెట్టి మరీ ఆ పంపకం చేశాడు. మా అల్లుడు ఒకసారి ఏడు బిళ్ళలూ వాడి బిర్యానీ అని పెట్టాడు. అక్షరాలకు 12, ఏడూ వాడినందుకు 50, అదనపు గడులు కలపకుండానే 62. ఆ 62, ఈ 62 ఒకటేనా?

కూకట్‌పల్లి కోడర్:
మేష్టారూ, ఆట మధ్యలో వెతకడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే, అర్థం తెలియకుండా పెట్టడమే తప్పన్నట్టు మొదటి ప్రశ్నలో ధ్వనిస్తోంది, అది నాకు నచ్చలేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే, ఆ భాష నిఘంటువులోని మాటలను కంఠస్థం చేసి, 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆయనను మోసగాడని ఎవరూ అనలేదు.

ఆ సైటు చేసే పని కూడా మాయ కాదు. మీరిచ్చిన అక్షరాలను ముందు అక్షరక్రమంలో పేర్చుకుంటుంది. నిఘంటువులోని ప్రతి మాటనూ అలాగే పేర్చి పెట్టుకుంటుంది కాబట్టి, ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అన్న ఒక్క వరుస కిందికే రెటినాస్, రిటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్ అన్నీ వచ్చి చేరతాయి. పోటీలకు వెళ్ళేవాళ్ళు ఇదే పద్ధతిని బుర్రలో చేస్తారు. రాత్రి పడుకునే ముందు ఆ సైటునే తెరిచి ఇరవై మాటలు నేర్చుకుంటే అది సాధన. తన వంతు నడుస్తుండగా తెరిస్తే పక్కవాడి పేపరు చూడటం. గడియారం ఒక్కటే తేడా.

మియాపూర్ ప్రయాణికుడు:
మరి వర్డిల్ సంగతి? మెట్రోలో ఎల్బీనగర్ దాకా వెళ్ళేలోగా ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. నేనొక్కడినే ఆడతాను, ఎవరి పాయింట్లూ దోచుకోవడం లేదు. నాలుగో ప్రయత్నం దాటాక అక్షరాలు కొట్టి వెతుక్కుంటాను, సిగ్గేమీ లేదు.

నల్లకుంట మేష్టారు:
బాబూ, సిగ్గు లేకపోతే పోనీ, ఆ ఫలితాన్ని మాత్రం కుటుంబం గ్రూపులో పంచుకోకు.

పాతబస్తీ పాఠకురాలు:
అందరూ క్యూ బిళ్ళను చూసి ఇంతగా భయపడటం నాకు నవ్వు తెప్పిస్తోంది. క్యూ పక్కన యూ అక్కరలేని మాటలు ఏవేవి ఉన్నాయో నేనూ ఒకసారి సైటులో వెతికించాను. వచ్చిన జాబితా చదువుతుంటే లాడ్ బజార్‌లో నడుస్తున్నట్టే అనిపించింది: ఫకీర్, నికాబ్, బురఖా, తలాక్, ఖాజీ. ఉర్దూలోని ఖాఫ్ అనే అక్షరాన్ని ఇంగ్లీషువాళ్ళు క్యూతో రాసుకున్నారు, అంతే. దక్కనీలో మనం దాన్ని ఖ అని పలుకుతాం కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులో క్యూ ఉందన్న సంగతి మనకు తట్టదు. కవ్వాలీ కూడా క్యూతోనే మొదలవుతుంది, అదీ ఏడక్షరాలే, కాకపోతే డబ్ల్యూలు రెండు కావాలి. ఆ అమ్మాయికి ఫోను అవసరమే లేదండీ, వీధిలో వినిపించే మాటలకు స్పెల్లింగు గుర్తుపెట్టుకుంటే సరిపోయేది. ఎదురింటి అంకుల్ ఎవరైనా ఆ ముక్క ముందే చెప్పి ఉండవలసింది.

మలక్‌పేట వాసి:
మీ మాట ఆ అమ్మాయికి చదివి వినిపించాను. నిన్న అందరి ఫోన్లూ టీ ట్రేలో పెట్టించి, ఛాలెంజ్ చేసి ఓడినవాళ్ళు వంతు వదులుకోవాలన్న షరతుతో ఆట మొదలుపెట్టాం. నాలుగో వంతులో తను ఎన్, ఐ, క్యూ, ఏ, బీ వరుసగా పేర్చి, అర్థం కూడా అడగకముందే చెప్పింది. యూ లేకుండా క్యూ ఎలా చెల్లుతుందని పై అంతస్తు ఆయన ఛాలెంజ్ చేశారు. నిఘంటువు తెరిచాం. ఆయన వంతు పోయింది.