పాలిమర్‌కు బంధించిన రియేజెంట్లు: వడపోత సౌలభ్యం కోసం ఇంత బరువు మోయాలా?

కాలమ్ విసిగినవాడు:
ఆల్డిహైడ్, కీటోన్‌లను ఆల్కీన్‌లుగా మార్చే విట్టిగ్ చర్య ముగిశాక, అందులో వాడిన ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ నుంచి మిగిలే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్‌ను వదిలించుకోవడం ఎంత విసుగు పనో ఇక్కడ చాలామందికి తెలుసు. అదే ఫాస్ఫీన్‌ను డైవినైల్‌బెంజీన్‌తో అడ్డుబంధాలు వేసిన పాలీస్టైరీన్ పూసలకు బంధిస్తే, ఆక్సైడ్ పూసలతోనే ఉండిపోతుంది, వడపోస్తే చాలు. 1963లో రసాయన శాస్త్రవేత్త బ్రూస్ మెరిఫీల్డ్ ఇలాంటి పాలిమర్ పూసల (రెజిన్) మీద పెప్టైడ్‌ను, అంటే అమైనో ఆమ్లాల గొలుసును, నిర్మించి చూపాడు, 1984లో నోబెల్ బహుమతీ అందుకున్నాడు. అయినా రియేజెంట్ల (చర్య జరపడానికి కలిపే రసాయనాల) విషయంలో ఈ పద్ధతిని అందరూ ఎందుకు చేపట్టరు?

ప్రాసెస్ పక్షం:
మెరిఫీల్డ్ పూసకు కట్టింది రియేజెంట్‌ను కాదు, పెరుగుతున్న పెప్టైడ్‌ను. కాబట్టి ఆ విజయాన్ని ఇక్కడికి నేరుగా తెచ్చుకోలేము. ఒక మోల్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ 262 గ్రాములు తూగుతుంది. గ్రాముకు 1.5 మిల్లీమోల్ ఫాస్ఫీన్ ఉన్న రెజిన్ అయితే అదే మోల్‌కు దాదాపు 667 గ్రాములు కావాలి, పైగా పూసలను కడగడానికి బోలెడు ద్రావణి కావాలి. టోలుయీన్, టీహెచ్‌ఎఫ్ వంటి ద్రావణుల్లో ఉబ్బే పూస మిథనాల్‌లో ముడుచుకుపోయి, లోపలి ఫాస్ఫీన్‌ను అందకుండా చేస్తుంది. ట్రైక్లోరోసిలేన్‌తో ఆక్సైడ్‌ను క్షయకరణం చేసి తిరిగి ఫాస్ఫీన్‌గా మార్చవచ్చని అంటారు గానీ, ఆ పనికయ్యే ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు.

రెండు రెజిన్లు:
బరువు లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ముడుచుకుపోతుందన్న అభ్యంతరం ద్రావణిలో ఉబ్బితేనే లోపలికి దారి ఇచ్చే జెల్ రకపు పూసలకే వర్తిస్తుంది. స్థూలరంధ్రాలున్న సల్ఫోనిక్ ఆమ్ల రెజిన్ అంబర్‌లిస్ట్-15 వంటివాటిని మిథనాల్, ఐసోబ్యూటీన్‌ల నుంచి ఎంటీబీఈ అనే పెట్రోల్ సంకలితాన్ని తయారుచేయడానికి పరిశ్రమలే వాడాయి. అక్కడ రెజిన్ ఉత్ప్రేరకం, మోల్‌కు మోల్ ఖర్చయ్యే రియేజెంట్ కాదు. కాబట్టి దాని బరువు పెద్ద భారం కాదు.

ఇక ఖర్చయ్యే రియేజెంట్ల విషయంలోనూ నేను పూర్తిగా ఒప్పుకోను. ద్రావణంలో కలిస్తే ఒకదాన్నొకటి నాశనం చేసుకునే ఆమ్లం, క్షారం వేర్వేరు పూసలకు కట్టి ఉంటే ఒకే ఫ్లాస్కులో పక్కపక్కనే పనిచేయగలవు, ఎందుకంటే ఒక పూసలోని సమూహం రెండో పూసలోకి చొరబడలేదు. 2006లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త స్టీవెన్ లే బృందం ఆక్సోమారిటిడైన్ అనే మొక్కల ఆల్కలాయిడ్‌ను ప్రవాహ పద్ధతిలో సంశ్లేషించినప్పుడు, అజైడ్, ఫాస్ఫీన్, పెర్‌రుథెనేట్ రెజిన్లను వేర్వేరు గొట్టాల్లో నింపి ద్రావణాన్ని వాటి గుండా పంపింది. మధ్యలో సంప్రదాయ శుద్ధి దశలు లేకుండానే సహజ పదార్థం చేతికి వచ్చింది. అన్నట్టు, పదార్థం ద్రావణంలోనే ఉంటుంది కనుక చర్య ఎంతవరకు వచ్చిందో పలుచని పొర క్రోమటోగ్రఫీ (టీఎల్‌సీ)తో చూసుకోవచ్చు, మెరిఫీల్డ్ పద్ధతికి ఆ సౌలభ్యం లేదు.

ప్రాసెస్ పక్షం:
ఆ ఉదాహరణ బలమైనదే, అయితే అది మిల్లీగ్రాముల స్థాయి ప్రయోగం. ఔషధ అణువులను పదుల సంఖ్యలో త్వరగా తయారుచేసి పరీక్షించేవారికి మీ మాట సరిపోతుంది. కిలోల్లో చేసేటప్పుడు మాత్రం ఉత్ప్రేరక రెజిన్లకే నా ఓటు, అదీ లోహ ఉత్ప్రేరకం కట్టిన పూస అయితే దాని నుంచి లోహం ఎంత కారుతోందో కొలిచి చూశాకే.