సాక్షి మౌనం మీద పాత యుద్ధ దృశ్యాలు వేయవచ్చా?

ప్రశ్న (కంచరపాలెం నుండి):
1942లో, రెండో ప్రపంచ యుద్ధం బర్మాకు పాకినప్పుడు, రంగూన్ నుండి కాలినడకన బయలుదేరి, చివరకు విశాఖ చేరిన మా అమ్మమ్మ జ్ఞాపకాలను వీడియో తీస్తున్నాను. దారిలో తమ్ముడు చనిపోయిన చోటికి వచ్చేసరికి ఆవిడ మాట ఆపి, కంచు గ్లాసు అంచును వేలితో తుడుస్తూ రెండు నిమిషాలు అలాగే ఉండిపోయారు. అక్కడ పాత యుద్ధ దృశ్యాలు వేద్దామని ఎడిటింగ్ చేస్తున్న మిత్రుడు అంటున్నాడు. నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపిన మారణహోమం మీద డాక్యుమెంటరీలు తీసినవారు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నారో చెప్పగలరా? ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం నా ఉద్దేశం కాదు. సాక్ష్యాన్ని భద్రపరిచే పద్ధతి నేర్చుకోవాలని ఉంది.

జవాబు (ఎం.వి.పి. కాలనీ):
ఆ మారణహోమం మీద ఫ్రెంచ్ దర్శకుడు క్లాడ్ లాంజ్‌మన్ తీసిన ‘షోవా’ (1985) తొమ్మిది గంటలకు పైగా సాగుతుంది, అయినా అందులో పాత ఫుటేజీ ఒక్క షాటు కూడా లేదు. పోలండ్‌లోని నాజీ మరణశిబిరం ట్రెబ్లింకాలో, చంపడానికి తీసుకువచ్చిన స్త్రీల జుట్టు కత్తిరించవలసి వచ్చిన అబ్రహం బొంబా, ఇజ్రాయెల్‌లోని ఒక క్షౌరశాలలో కత్తెర ఆడిస్తూ ఆ సంగతి చెబుతూ, ఒకచోట ఇక చెప్పలేక ఆగిపోతారు. కెమెరా మాత్రం ఆగదు. అక్కడ వేరే దృశ్యం వేసి ఉంటే మన కళ్లు ఆయన ముఖాన్ని వదిలేసేవి. మీ అమ్మమ్మగారి వేలు, ఆ గ్లాసు అంచు అలాగే ఉంచండి. అయితే చెప్పమని లాంజ్‌మన్ ఆయనను ఒత్తిడి చేసినట్లు మీరు మాత్రం ఆవిడను చేయవద్దని నా మనవి.

జవాబు (పెదవాల్తేరు):
ఫుటేజీ అసలే కూడదంటే నేను ఒప్పుకోను. 1945లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నాజీ శిబిరంలో బ్రిటిష్ సైనిక కెమెరామెన్ తీసిన రీళ్లతో నిర్మాత సిడ్నీ బెర్న్‌స్టైన్ సినిమా మొదలుపెట్టినప్పుడు, రేపెవరూ ఇది కల్పన అనడానికి వీల్లేకుండా కోతలు లేని పొడవైన షాట్లు వాడాలని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ సలహా ఇచ్చారు. మీ మిత్రుడి దగ్గరున్నది ఆ దారిలో, ఆ నెలల్లో తీసినదేనా? కాకపోతే, వేరే చోటిదని తేలిన ఆ ఒక్క షాటు వల్ల ఆవిడ చెప్పిన నిజాన్ని కూడా శంకిస్తారు.

జవాబు (మధురవాడ):
సినిమా కంటే ముందు కత్తిరించని రికార్డింగును కాపాడండి. లాంజ్‌మన్ వాడని ఫుటేజీ రెండు వందల గంటలకు పైగా అమెరికాలోని హోలోకాస్ట్ (ఆ యూదుల మారణహోమం) మ్యూజియంలో భద్రంగా ఉంది. 2014 హుద్‌హుద్‌కు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, మా నాన్నగారి గొంతు ఉన్న క్యాసెట్లన్నీ తడిసిపోయాయి. వాటికి రెండో ప్రతి లేదు. రెండు హార్డ్‌డిస్కులు రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి, ఒకటి సముద్రానికి దూరంగా.

ప్రశ్నించినవారు:
ఆ రెండు నిమిషాల తరువాత నేనే కెమెరా ఆపేశాను. ఆపాకే ఆవిడ తమ్ముడి పేరు చెప్పారు. ఆదివారం మళ్లీ వెళ్లి, ఆవిడను అడిగి, ఒప్పుకుంటే ఈసారి ఆపకుండా కూర్చుంటాను.