ఒక్క ఏడాదిలో అడవి మట్టిలో కర్బనం సగానికి పడిపోతుందా?

మన్యం కుర్రాడు: పొద్దున్నుంచి ఈ లెక్కలే చూస్తున్నాను, బుర్ర పనిచేయడం లేదు. పాడేరు దగ్గర మా ఊరి అడవిలో గుర్తు పెట్టుకున్న మూడు చోట్ల మట్టి తీసి పరీక్షకు పంపాం. నిరుడు కర్బనం 2.4, 3.1, 2.6 శాతం వచ్చింది. ఈసారి 1.4, 1.8, 0.9. ఒక్క చెట్టు కూడా కొట్టలేదు. ఎల్లుండి వనసంరక్షణ సమితి మీటింగ్. ఈ అంకెలు చూపిస్తే మేత, వంటచెరకు ఆపేయమంటారేమోనని టెన్షన్. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరైనా చెప్పండి.

గట్టు నేల: ఎంత లోతు తీశారు?

పచ్చని కొండ: తమ్ముడూ, ఎండాకాలం మంటల సంగతి చూశావా? ఇప్ప పువ్వు ఏరుకోవడానికి చాలా చోట్ల చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ ఆకులే కుళ్లి మట్టిలో కలవాలి. అవి కాలిపోతే వానకు పైమట్టి కొట్టుకుపోతుంది, నేల గట్టిపడుతుంది, నీరు ఇంకదు. నేను ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను, నేలకు మొదటి శత్రువు నిప్పే. అడవి నరికి, కాల్చి చేసే పోడు సాగు కూడా అంతే.

మన్యం కుర్రాడు: మా దగ్గర ఊడుస్తాం అన్నా, కాల్చం. ఈ మూడూ పోడు భూములు కావు.

జీడితోట: పోడును ఒక్క మాటలో శత్రువు అనేయకండి. పదేళ్లు, పదిహేనేళ్లు బీడు వదిలిన రోజుల్లో అడవి మళ్లీ లేచేది. రెండు మూడేళ్లకే తిరిగి నరికితేనే నేల దెబ్బతింటుంది. బీడు ఎన్నేళ్లు ఉందన్నదే అసలు సంగతి.

పచ్చని కొండ: బీడు వదిలేంత భూమి ఇప్పుడు ఎవరికి మిగిలిందండీ?

పరీక్షనాళిక: పోడు తర్వాత మాట్లాడుకుందాం. బాబూ, ఆ అంకెలు దేనివి? సేంద్రియ కర్బనమా, సేంద్రియ పదార్థమా?

మన్యం కుర్రాడు: రెండూ ఒకటే కదండీ?

పరీక్షనాళిక: కాదు. సేంద్రియ పదార్థం అంటే మట్టిలో కుళ్లి కలిసిన ఆకులు, వేర్ల లాంటిది, అందులో కర్బనం ఒక భాగం మాత్రమే. కర్బనాన్ని 1.724తో గుణించి పదార్థం అని రాస్తారు. 2.4ని 1.724తో భాగించండి, 1.4 దగ్గరికి వస్తుంది. 3.1ని భాగిస్తే 1.8. మీ రెండు చోట్లా కర్బనం మారలేదు, నిరుడు పదార్థం రాసి ఈసారి కర్బనం రాసినట్టున్నారు. నిరుటి, ఈసారి మట్టి పరీక్ష కార్డులు రెండిట్లోనూ ఆ గడి పేరు చూడండి.

జీడితోట: ఆ 1.724 పాత లెక్క. పదార్థంలో 58 శాతం కర్బనం ఉంటుందని అనుకుని పెట్టింది. చాలా నేలల్లో సగానికి దగ్గరగానే ఉంటుంది, అప్పుడు 2తో గుణించాలి.

పరీక్షనాళిక: నిజమే. కానీ ల్యాబ్ దేనితో గుణించిందో మనం దానితోనే భాగించాలి.

మన్యం కుర్రాడు: చూశాను. నిరుటి కార్డులో 'పదార్థం' అనే ఉంది! మరి మూడోది? 2.6ని భాగిస్తే 1.5 వస్తోంది, ఈసారి 0.9 ఉంది.

గట్టు నేల: లోతు అడిగాను.

మన్యం కుర్రాడు: సారీ అండీ. నిరుడు మూడు చోట్లా జానెడు లోతే. ఈసారి మూడో చోట రాళ్లున్నాయని మావాడు గునపంతో మోకాలి లోతు తవ్వి అడుగు నుంచి తీశాడు.

గట్టు నేల: పైన కర్బనం ఎక్కువ, దిగేకొద్దీ తక్కువ. దాన్ని నిరుటితో పోల్చకండి. ఆకులు పక్కకు తీసి, 15 సెంటీమీటర్ల వరకు మళ్లీ తీయండి. ఒక్క గుంట చాలదు, ఆ చుట్టుపక్కలే ఏడెనిమిది గుంటల మట్టి కలపండి. నిరుడు ఏ నెలలో తీశారో ఆ నెలలోనే తీయాలి.

పరీక్షనాళిక: రాళ్లు ఎంత శాతమో కూడా రాసిపెట్టుకోండి. జల్లెడ పట్టిన మెత్తటి మట్టినే పరీక్షిస్తారు. ఎకరంలో ఎంత కర్బనం ఉందో లెక్కేయాలంటే రాళ్ల వాటా తీసేయాలి, మట్టి ఎంత దట్టంగా ఉందో కూడా కొలవాలి.

పచ్చని కొండ: ఆ చెట్ల కింద ఊడ్చిన ఆకులు ఎక్కడ వేస్తున్నారు తమ్ముడూ? అదీ కనుక్కో.

మన్యం కుర్రాడు: కనుక్కుంటాను అన్నా. మీటింగ్‌లో రెండు చోట్ల సంగతే చెబుతాం, మూడోది మళ్లీ తీస్తాం. థాంక్స్ అందరికీ.