గాలి అడ్డుపడితే అంతరిక్ష కేంద్రం ముందే ఎలా వచ్చింది?

అమలాపురం డాబా:
సాయంత్రం పూట అంతరిక్ష కేంద్రం వెళ్తుంటే డాబా ఎక్కి చూడటం నాకు అలవాటండి. మొన్న నెట్ లేక, పది రోజుల కిందట కాగితం మీద రాసుకున్న టైమే పట్టుకుని ఎక్కాను. తీరా చూస్తే నిండా అరనిమిషం ముందే కొబ్బరి మట్టల్లోంచి బయటపడింది. అంత ఎత్తులో కూడా పల్చగా గాలి ఉంటుందట, అది అడ్డుపడితే ఆలస్యం కావాలి గానీ ముందే రావడమేంటి? నా వాచీయే తప్పంటున్నాడు మా తమ్ముడు.

రాజోలు మాస్టారు:
వాచీ బాగానే ఉంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కిన లెక్క ఇక్కడ పనికిరాదు బాబూ. గాలి రాపిడికి కక్ష్య కిందికి దిగుతుంది, దిగేకొద్దీ చుట్టు చిన్నదై వేగం పెరుగుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో ఒక్క కిలోమీటరు దిగితే చుట్టుకు 1.2 సెకన్లు తగ్గుతాయి, రోజుకు పదిహేను పైనే చుట్లు, అంటే రోజుకు 18 సెకన్ల పైమాటే. మామూలు దిగుడు నీ పాత టైములో ముందే కలిపి ఉంటుంది, కాబట్టి ఆ అరనిమిషం పైన గాలి అనుకున్నదానికంటే చిక్కగా ఉన్నందుకు పడిన తేడా అయ్యుండాలి. 1957లో తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక ఇంగ్లండులో కింగ్-హీలీ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు కక్ష్యలు చూసి పై గాలి సాంద్రత లెక్కకట్టింది ఇలాగే. అమెరికాలో యాకియా అనే శాస్త్రవేత్త గమనించింది ఇంకా బావుంటుంది, ఆ సాంద్రత దాదాపు 27 రోజులకోసారి పెరిగి తగ్గుతోందట, అంటే సూర్యుడు తన చుట్టూ తాను తిరిగే లెక్కన. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు వేడెక్కి పై గాలి పాలపొంగులా లేస్తుంది.

కాలవగట్టు:
మధ్యలో ఇంజన్ వెలిగించి ఎత్తు పెంచి ఉంటేనో?

రాజోలు మాస్టారు:
అప్పుడు ఆలస్యంగా వస్తుందండి, ముందు రాదు. కానీ మీ అనుమానం మంచిదే, అందుకే సాంద్రత లెక్కలకి ఇంజన్ లేని పాత రాకెట్ ముక్కలు మేలు.

పాలకొల్లు పెద్దాయన:
స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూడా ఇలాగే కదా, సూర్యుడు అనుకున్నదానికంటే చురుగ్గా ఉండి తొందరగా దిగిపోయింది. 1979 జులైలో మా తాతయ్య, అది నెత్తిన పడి ఎలాగూ పోతాం కదా అని సంక్రాంతి పందేనికి మేపుతున్న పుంజును కోయించేశారు. స్కైలాబ్ వెళ్లి ఆస్ట్రేలియాలో పడింది. ఆ పుంజు మాట ఎత్తితే పోయేదాకా ఒప్పుకోలేదాయన.

అమలాపురం డాబా:
ఆయ్, థ్యాంక్సండి మాస్టారూ. ఓ పాత రాకెట్ ముక్క టైములు రాసుకున్నాను, పది రోజులాగి చూస్తా. ఈసారి వాచీ తమ్ముడి చేతికే ఇస్తాను, మబ్బు పట్టకపోతే.